టెక్సాస్ హైస్కూలు జట్టులో మీ పిల్లలు ఆడాలంటే: వయసు, అర్హత నిబంధనలను ముందే సరిచూసుకునే విధానం

ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్ ప్రాంతాలకు కొత్తగా వచ్చి స్థిరపడుతున్న తెలుగు కుటుంబాలు బడిలో పిల్లలను చేర్పించేటప్పుడు గణితంలో ఏ స్థాయి ఇస్తారు, ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే కాలేజీ స్థాయి) కోర్సులు ఎన్ని తీసుకోవచ్చు అన్న ప్రశ్నలు తప్పకుండా అడుగుతాయి. ఆటల సంగతి మాత్రం ఎంపిక పోటీల రోజున గాని గుర్తుకు రాదు. అప్పటికి పిల్లవాడు ఏ గ్రేడులో చేరాడో, ఎవరి ఇంటి చిరునామాతో చేరాడో రికార్డులో స్థిరపడిపోయి ఉంటుంది. అర్హతను నిర్ణయించేవి ముఖ్యంగా ఆ రెండు విషయాలే. అందువల్ల ఈ నిబంధనలను బడిలో చేర్చడానికి ముందు చదవడం మేలు, చేర్చిన తరువాత చదివితే చాలా సందర్భాలలో చేయగలిగింది కొంచెమే.

మొదట తెలుసుకోవలసినది ఈ నిర్ణయాలు ఎవరి చేతిలో ఉంటాయన్నది. అమెరికాలో హైస్కూలు ఆటలకు దేశమంతటికీ వర్తించే ఒకే అర్హత చట్టం లేదు. జాతీయ స్థాయిలో ఉన్న ఎన్ఎఫ్‌హెచ్‌ఎస్ అనే సమాఖ్య ఆట ఎలా ఆడాలో చెప్పే నియమావళిని తయారు చేస్తుంది గాని, ఎవరు ఆడవచ్చునో చెప్పదు; ఆ అధికారం ఒక్కొక్క రాష్ట్రంలో ఒక్కొక్క సంఘానికి ఉంది. టెక్సాస్ ప్రభుత్వ పాఠశాలలకు సంబంధించినంతవరకు ఆ సంఘం 1910లో టెక్సాస్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో ఏర్పడిన యూనివర్సిటీ ఇంటర్‌స్కొలాస్టిక్ లీగ్; అందరూ యూఐఎల్ అనే అంటారు. కోచ్ మంచివాడు కావచ్చు, మీ అమ్మాయి పరుగు చూసి ముచ్చటపడి ఉండవచ్చు, అయినా అర్హత ఇచ్చే అధికారం ఆయనకు లేదు. కొన్ని విషయాలను ఆ పోటీ జిల్లాలోని పాఠశాలల ప్రతినిధులతో ఏర్పడే డిస్ట్రిక్ట్ ఎగ్జిక్యూటివ్ కమిటీ, కొన్నిటిని ఆస్టిన్‌లోని యూఐఎల్ కార్యాలయం నిర్ణయిస్తాయి. ఇక్కడ జిల్లా అంటే పోటీల కోసం కలిపిన బడుల సమూహం. మన రెవెన్యూ జిల్లాతో గాని, ఐఎస్‌డీ అని పిలిచే పాఠశాల జిల్లాతో గాని దీనిని కలగాపులగం చేసుకోకూడదు.

వయసు నిబంధన చదవడానికి సులభం. పోటీ జరిగే విద్యా సంవత్సరంలో సెప్టెంబర్ 1 నాటికి విద్యార్థికి 19 ఏళ్లు నిండి ఉండకూడదు. ఉదాహరణకు 2026-27 విద్యా సంవత్సరం తీసుకుంటే, 2007 సెప్టెంబర్ 2న పుట్టిన పిల్లవాడు ఆ ఏడాదంతా ఆడవచ్చు. మరునాడే 19 నిండినా ఇబ్బంది లేదు. అదే 2007 సెప్టెంబర్ 1న పుట్టినవాడికి ఆ రోజుతో 19 నిండుతాయి గనుక అర్హత ఉండదు. ఒక్క రోజు తేడాకు ఒక ఏడాది పోవడం అన్యాయంగా తోచవచ్చు గాని, గీత ఎక్కడ గీసినా దానికి అటూ ఇటూ ఎవరో ఒకరు ఉంటారు. వైకల్యం వల్ల చదువు కనీసం ఒక సంవత్సరం ఆలస్యమైన పిల్లలకు, ఆ సంగతిని బడి నిర్ణీత పద్ధతిలో ముందే నమోదు చేసి ఉంటే, ఈ పరిమితిని 20 ఏళ్ల వరకు సడలించే వీలుంది. ఏడు, ఎనిమిది గ్రేడులకు లెక్క వేరు: ఏడో గ్రేడులో సెప్టెంబర్ 1 నాటికి 14, ఎనిమిదో గ్రేడులో 15 నిండి ఉండకూడదు.

టెక్సాస్‌లో సెప్టెంబర్ 1 నాటికి ఐదేళ్లు నిండిన పిల్లలు కిండర్‌గార్టెన్‌లో చేరతారు. అలా చేరి ఎక్కడా ఆగకుండా వచ్చినవారు పన్నెండో గ్రేడు మొదలయ్యేసరికి 17 ఏళ్ల వయసులో ఉంటారు. ఒక సంవత్సరం వెనుకబడితే 18, ఇంకా అర్హులే. రెండు సంవత్సరాలు వెనుకబడితే పన్నెండో గ్రేడులో ఆట ఉండదు. మన పిల్లలు ఎల్‌కేజీ, యూకేజీలలో తొందరగానే చేరి, సాధారణంగా తోటివారికంటే చిన్నవారుగానే ఉంటారు గనుక వయసు నిబంధన తెలుగు కుటుంబాలకు అడ్డు రావడం తక్కువ. అడ్డు వచ్చేది దాని పక్కనే ఉన్న మరొక నిబంధన. దాని దగ్గరకు వెళ్లేముందు పుట్టిన తేదీ పత్రాల గురించి ఒక మాట చెప్పాలి.

మన తాతల, తండ్రుల తరంలో బడిలో మాస్టారు వేసిన తేదీయే పుట్టినరోజుగా నిలిచిపోయేది. జూన్ నెలలో పుట్టినవారు ఊరికి సగం మంది ఉండేవారు. ఆ అలవాటు మన పిల్లల నాటికి దాదాపు పోయినా, మునిసిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువీకరణ పత్రంలో ఒక తేదీ, పాస్‌పోర్టులో మరొక తేదీ ఉన్న కేసులు, తేదీ ఒకటే అయినా పేరు, ఇంటిపేరు వరస మారిపోయిన కేసులు ఇప్పటికీ కనిపిస్తాయి. బడి రిజిస్ట్రార్ రికార్డులో ఏది ఎక్కితే కోచ్ నింపే అర్హత పట్టికలోకి అదే వెళుతుంది. కాబట్టి భారతదేశం నుంచి బయలుదేరకముందే జనన పత్రం, పాస్‌పోర్టు, బదిలీ సర్టిఫికెట్ మూడూ పక్కపక్కన పెట్టి చూసుకుని, తేడా ఉంటే అక్కడే సరిచేయించుకోవడం ఉత్తమం. ఇక్కడికి వచ్చాక జనన పత్రం దిద్దించడమంటే ఊళ్లో ఉన్న బంధువులను కార్యాలయాల చుట్టూ తిప్పడమే అవుతుంది.

వయసు విషయంలో టెక్సాస్ బడులు ఇంత పట్టుదలగా ఉండటానికి కారణాలలో ఒడెస్సాలోని పెర్మియన్ హైస్కూలు ఉదంతం ఒకటి. 2009-10లో అక్కడి బాస్కెట్‌బాల్ జట్టులో పదో గ్రేడు విద్యార్థిగా ఆడిన కుర్రవాడు నిజానికి 22 ఏళ్ల యువకుడని 2010 వసంతంలో బయటపడింది. అతను శిక్ష అనుభవించడం ఒక ఎత్తు, ఏ తప్పూ చేయని తోటి ఆటగాళ్లు ఆ సీజన్ విజయాలను వదులుకోవలసి రావడం మరొక ఎత్తు. అనర్హుడు ఒక్కడు మైదానంలో దిగినా ఆ ఆటను జట్టు మొత్తం కోల్పోతుందన్నది ఇక్కడి మూల సూత్రం, కోచ్‌లు కాగితాల దగ్గర కఠినంగా ఉండేది అందుకే.

ఇప్పుడు అసలు చిక్కు. విద్యార్థి మొదటిసారి తొమ్మిదో గ్రేడులో చేరిన నాటి నుంచి నాలుగు క్యాలెండరు సంవత్సరాలు మాత్రమే వర్సిటీ, అంటే బడి ప్రధాన జట్టు, పోటీలలో అర్హత ఉంటుంది. పదో గ్రేడులో మొదటిసారి చేరిన నాటి నుంచి అయితే మూడు సంవత్సరాలు. ఇది ఆడిన సంవత్సరాల లెక్క కాదు, గడిచిన సంవత్సరాల లెక్క. ఒక ఏడాది ఏ ఆటా ఆడకపోయినా, అనారోగ్యంతో ఇంట్లో ఉన్నా, మధ్యలో దేశం మారినా గడియారం నడుస్తూనే ఉంటుంది.

దీనిని మన విద్యా సంవత్సరంతో కలిపి చూస్తే ఇబ్బంది ఎక్కడ వస్తుందో తెలుస్తుంది. ఒక అమ్మాయి 2024 జూన్‌లో హైదరాబాదులో తొమ్మిదో తరగతిలో చేరి, 2025 మార్చిలో ముగించి, ఆ వేసవిలో తల్లిదండ్రులతో డాలస్ వచ్చిందనుకుందాం. ఇక్కడి పద్ధతికి అలవాటుపడుతుందని, ఇంగ్లీషు ఉచ్చారణ కుదురుకుంటుందని, కళాశాల దరఖాస్తు నాటికి మార్కుల సగటు బాగుంటుందని ఆలోచించి తల్లిదండ్రులే ఆమెను ఆగస్టులో మళ్లీ తొమ్మిదో గ్రేడులో వేయమని అడుగుతారు. చదువుపరంగా అది తెలివైన నిర్ణయమే కావచ్చు. అయితే ఆమె గడియారం 2024 జూన్‌లోనే మొదలైందని లెక్కిస్తే అది 2028 జూన్‌తో ఆగిపోతుంది, పన్నెండో గ్రేడు నడిచేది 2028-29లో. అంటే ఆట పండే చివరి సంవత్సరం, కళాశాల కోచ్‌లు చూడటానికి వచ్చే సంవత్సరం, ఆమె ప్రేక్షకుల గ్యాలరీలో కూర్చోవలసి వస్తుంది. హైదరాబాదులో చదివిన తొమ్మిదో తరగతి ఇక్కడి లెక్కలోకి రాదులే అని ఎవరైనా ధీమాగా చెప్పినా నమ్మి ఊరుకోకండి. గ్రేడు ఖరారు కాకముందే, ఆ తేదీలన్నీ రాసి, బడిలోని అథ్లెటిక్ కోఆర్డినేటర్ ద్వారా యూఐఎల్ నుంచి లిఖితపూర్వకమైన జవాబు తెప్పించుకోవాలి.

అదే అమ్మాయి పదో గ్రేడులో చేరి ఉంటే ఈ చిక్కే లేదు. అయితే అప్పుడు హైదరాబాదు మార్కుల పత్రాలకు ఇక్కడ క్రెడిట్లు, అంటే పూర్తిచేసిన కోర్సులకు ఇచ్చే లెక్క, లభించాలి. హైస్కూలు రెండో ఏడాది మొదట్లో ఆడాలంటే కనీసం 5 క్రెడిట్లు, మూడో ఏడాది 10, నాలుగో ఏడాది 15 చేతిలో ఉండాలి. మూడో, నాలుగో సంవత్సరాల వారికి, మొత్తం తక్కువైనా గడచిన 12 నెలల్లో 5 క్రెడిట్లు సంపాదించి ఉంటే సరిపోతుంది. రిజిస్ట్రార్ మన పత్రాలను పరిశీలించి క్రెడిట్లు నమోదు చేయడానికి వారాలు పట్టవచ్చు గనుక, తొమ్మిదో తరగతి మార్కుల జాబితా, సబ్జెక్టుల వివరం, బడి ముద్ర, సంతకాలతో సహా సామానులో కాకుండా చేతి సంచిలో తెచ్చుకోవాలి.

ఆటలో బలం పెరగాలని పిల్లలను కావాలనే ఒక ఏడాది ఆపే అలవాటు టెక్సాస్‌లో, ముఖ్యంగా ఫుట్‌బాల్ కుటుంబాలలో, ఉన్నదే. యూఐఎల్ దానికీ ఒక అడ్డుకట్ట కట్టింది: ఏడో గ్రేడులోగాని ఎనిమిదో గ్రేడులోగాని ఆటల కోసం ఒక ఏడాది ఆపితే, తొమ్మిదో గ్రేడులో చేరిన తరువాత వచ్చే నాలుగో సంవత్సరపు అర్హత పోతుంది. ముందు సంపాదించామనుకున్న ఏడాదిని చివర్లో తిరిగి ఇచ్చివేయవలసిందే.

నివాసం విషయం దీనికంటే సున్నితమైనది, ఎందుకంటే మన కుటుంబ వ్యవస్థకూ ఇక్కడి నియమానికీ ఇక్కడే పొత్తు కుదరదు. వర్సిటీలో ఆడే విద్యార్థి తన తల్లిదండ్రులు నివసించే అటెండెన్స్ జోన్‌లోని (ఒక్కో బడికి కేటాయించిన నివాస ప్రాంతంలోని) బడిలో చదువుతూ ఉండాలన్నది నియమం. మనకు బాబాయి ఇల్లంటే సొంత ఇల్లే. తండ్రి ప్రాజెక్టు మరో రాష్ట్రంలో ఉంటే పిల్లవాడిని మేనమామ ఇంట్లో ఉంచి చదివించడంలో మనకు వింత ఏమీ కనిపించదు. యూఐఎల్ దృష్టిలో మాత్రం మేనమామ తల్లిదండ్రుల స్థానంలోకి రావాలంటే, న్యాయస్థానం ద్వారా సంరక్షకుడిగా నియమితుడై, ఆ నియామకం కౌంటీ రికార్డులకెక్కి ఏడాది దాటి ఉండాలి. అలాంటి కాగితం లేకపోతే మూడేళ్లుగా ఆయన ఇంట్లోనే, ఆయన పోషణలోనే ఉన్నట్టు చూపాలి. తల్లిదండ్రులు సంతకం చేసి నోటరీ ముద్ర వేయించిన ఒక ఉత్తరంతో బడిలో ప్రవేశం దొరికినా, వర్సిటీ అర్హత దానంతట అది రాదు. ఈ రెండింటి తేడా తెలియక దెబ్బతిన్నవారు ఎందరో.

కుటుంబం మొత్తం ఇల్లు మారినప్పుడు అది నిజమైన మార్పేనా అని కమిటీ కొన్ని సూటి ప్రశ్నలతో చూస్తుంది. కొత్త జోన్‌లో ఇల్లు కొన్నారా లేదా అద్దెకు తీసుకున్నారా, సామాను అక్కడికి చేరిందా, ఉత్తరాలు అక్కడికే వస్తున్నాయా, ఓటు ఉన్నవారైతే అక్కడ నమోదు చేసుకున్నారా, అక్కడే స్థిరంగా ఉండే ఉద్దేశం ఉందా అన్నవి ఆ ప్రశ్నలు. హెచ్1బీ మీద ఉన్నవారికి ఓటు ఉండదు గనుక మిగతా ఆధారాలు, అంటే అద్దె ఒప్పందం, కరెంటు, నీటి బిల్లులు, డ్రైవింగ్ లైసెన్సు మీద మారిన చిరునామా, గట్టిగా ఉండాలి. పాత ఇల్లు అలాగే ఉంచుకుని, మంచి జట్టున్న బడి జోన్‌లో ఒక అపార్టుమెంటు పేరుకు అద్దెకు తీసుకునే ఎత్తుగడ కమిటీ సభ్యులకు కొత్త కాదు. ప్రత్యర్థి బడుల వారే ఆ కమిటీలో కూర్చుంటారన్నది గుర్తుంచుకుంటే చాలు.

ఫ్రిస్కో వంటి ఒకే ఐఎస్‌డీలో పదికి పైగా హైస్కూళ్లు ఉన్నచోట ఈ చిక్కు మరింత సులభంగా వస్తుంది, ఎందుకంటే రెండు వీధుల అవతలికి ఇల్లు మారినా జోన్ మారవచ్చు. ఏ బడిలో చేరాలో ఎంచుకునే స్వేచ్ఛను ఐఎస్‌డీ ఇచ్చిన చోట, మొదట ఎంచుకున్న బడిలోనే అర్హత స్థిరపడుతుంది. తరువాత మనసు మార్చుకుని మరో బడికి వెళితే కనీసం ఒక క్యాలెండరు సంవత్సరం వర్సిటీకి దూరం. ఇల్లు వెతుక్కునేటప్పుడు బడి రేటింగును చూసినట్టే, ఆ చిరునామా ఏ జోన్‌లోకి వస్తుందో ఐఎస్‌డీ పటంలో స్వయంగా చూసుకోవాలి. ఇల్లు చూపించే ఏజెంటు మాట దీనికి ప్రమాణం కాదు.

ఎనిమిదో గ్రేడు నుంచి పన్నెండో గ్రేడు లోపు పాత బడి తరఫున ఏదైనా ఆటలో సాధన చేసిన లేదా ఆడిన విద్యార్థి, కొత్త బడిలో వర్సిటీలో దిగేముందు ప్రీవియస్ అథ్లెటిక్ పార్టిసిపేషన్ ఫారం నింపాలి. పాత బడి కోచ్ కూడా అందులో తన అభిప్రాయం రాస్తాడు. బడి మార్పు ఆటల ప్రయోజనం కోసమే జరిగిందని కమిటీ తేల్చితే కనీసం ఒక ఏడాది వర్సిటీ అర్హత ఉండదు. భారతదేశంలో బడి జట్టుకు ఆడిన పిల్లలు ఆ సంగతి రాయకుండా దాచడం అనవసరం. ఖండాలు దాటి వచ్చిన కుటుంబం బాస్కెట్‌బాల్ కోసం వచ్చిందని ఎవరూ అనుకోరు, దాచినట్టు తేలితే మాత్రం అబద్ధం రాసిన నేరం అదనంగా చుట్టుకుంటుంది. ఈ ఇబ్బందులలో పడినవారు కూడా పూర్తిగా ఖాళీగా కూర్చోనక్కరలేదు. నివాస, బడి మార్పు నిబంధనలు వర్సిటీకే వర్తిస్తాయి గనుక జేవీ, అంటే వర్సిటీకి కింది స్థాయి జట్టులో ఆడుతూ ఆ ఏడాది గడపవచ్చు.

విద్యా సంవత్సరం మధ్యలో వచ్చేవారికి ఒక చిన్న నియమం ఉంది: ఏడాది ఆరంభంలో ఆరో పనిదినం నుంచీ బడిలో ఉండాలి, లేదా పోటీకి ముందు కనీసం 15 క్యాలెండరు రోజులు క్రమంగా హాజరై ఉండాలి. జనవరిలో చేరిన పిల్లలు ఈ రెండు వారాలు సాధన చేస్తూ గడిపితే సరిపోతుంది. తల్లిదండ్రులు లేకుండా ఎక్స్ఛేంజ్ కార్యక్రమం ద్వారా వచ్చే విద్యార్థుల దారి పూర్తిగా వేరు; వారికి యూఐఎల్ ప్రత్యేక మినహాయింపు ఇస్తే గాని వర్సిటీ ఉండదు, హెచ్4 మీద తల్లిదండ్రులతో వచ్చిన పిల్లలు ఆ కోవలోకి రారు.

చదువు నిబంధనను ఇక్కడ అందరూ నో పాస్, నో ప్లే అంటారు. వ్యాపారవేత్త రాస్ పెరో అధ్యక్షతన ఏర్పడిన సంఘం సూచనల మీద 1984లో గవర్నర్ మార్క్ వైట్ కాలంలో వచ్చిన విద్యా సంస్కరణల చట్టంలో ఇది భాగం. గ్రేడింగ్ కాలం ముగిసేసరికి ఏ ఒక్క సబ్జెక్టులోనైనా 70 కంటే తక్కువ వస్తే, ఏడు రోజుల గడువు తరువాత విద్యార్థి పోటీలకు దూరమవుతాడు. మొదట్లో ఈ నిషేధం ఆరు వారాలు ఉండేది, 1995లో దానిని మూడు వారాలకు తగ్గించారు. మూడు వారాల తరువాత చూసినప్పుడు అన్ని సబ్జెక్టులలో 70 లేదా అంతకు మించి ఉంటే, మళ్లీ ఏడు రోజుల గడువు దాటాక అర్హత తిరిగి వస్తుంది. ఈ మధ్య కాలంలో జట్టుతో కలిసి సాధన చేయడానికి అడ్డు లేదు.

మన ఇళ్లలో మార్కులు 70కి దిగడం అరుదని అనుకుంటాం గాని, అనేక ఏపీ కోర్సులు ఒకేసారి నెత్తిన వేసుకున్న పిల్లలకు ఏపీ ఫిజిక్స్‌లో ఒక గ్రేడింగ్ కాలం తడబడటం అసాధ్యం కాదు. ఏపీ, ఐబీ కోర్సులకు, ఇంగ్లీషు, గణితం, విజ్ఞానశాస్త్రం వంటి నిర్దిష్ట సబ్జెక్టులలో ఆనర్స్, డ్యూయల్ క్రెడిట్ (హైస్కూలుకూ కాలేజీకీ కలిపి లెక్కించే) కోర్సులకు చట్టమే ఈ నిషేధం నుంచి మినహాయింపు ఇచ్చింది. అంతమాత్రాన నిశ్చింతగా ఉండకూడదు, ఎందుకంటే అదే పిల్లవాడు సాధారణ స్థాయిలో తీసుకున్న ఆరోగ్యశాస్త్రం తరగతిలో అసైన్‌మెంట్లు అప్‌లోడ్ చేయడం మరచి 68 తెచ్చుకుంటే ఆ మినహాయింపు ఎందుకూ పనికిరాదు. ఏ కోర్సు మినహాయింపు జాబితాలో ఉందో కౌన్సెలర్‌ను అడిగి ఆగస్టులోనే రాసుకోవాలి.

అమెచ్యూర్ నిబంధన టెన్నిస్ ఆడే పిల్లల తల్లిదండ్రులకు ముఖ్యం. తొమ్మిదో గ్రేడులో చేరిన తరువాత, బడిలో ఆడే ఆటకు సంబంధించి బయటి టోర్నమెంట్లలో నగదుగాని విలువైన వస్తువుగాని బహుమతిగా తీసుకుంటే ఆ ఆటలో కనీసం ఒక ఏడాది అర్హత పోతుంది. నియమం తెలియక తీసుకున్నవారు, తెలియజేసిన 30 రోజుల లోపు తిరిగి ఇచ్చివేస్తే అర్హత తిరిగి పొందవచ్చు. వారాంతంలో మనవాళ్లు నడిపే క్రికెట్ లీగుల సంగతేమిటని అడుగుతారు గనుక చెబుతున్నాను: క్రికెట్ యూఐఎల్ ఆటల జాబితాలో లేదు, బ్యాడ్మింటనూ లేదు.

ఇక ఆరోగ్య పత్రాలు. వైద్య చరిత్ర పత్రం ప్రతి ఏడాదీ నింపాలి. డాక్టరు పరీక్ష హైస్కూలు మొదటి, మూడో సంవత్సరాలలో తప్పనిసరి, చాలా ఐఎస్‌డీలు ప్రతి ఏడాదీ అడుగుతాయి. కంకషన్ (తలకు దెబ్బ తగిలి మెదడు అదరడం), గుండె సంబంధమైన హెచ్చరిక పత్రాల మీద తల్లిదండ్రుల సంతకం ఉండాలి. ఇవన్నీ పూర్తికానిదే మొదటి సాధనకు కూడా రానివ్వరు.

ఉద్యోగం మారి మరో రాష్ట్రానికి వెళ్లేవారు ఈ లెక్కలను అక్కడికి మోసుకుపోకూడదు. న్యూజెర్సీలో కూడా 19 ఏళ్ల గీత సెప్టెంబర్ 1 దగ్గరే ఉంది గాని, కాలిఫోర్నియాలో జూన్ 15కు ముందే 19 నిండినవారు తరువాతి విద్యా సంవత్సరంలో ఆడలేరు; నాలుగు సంవత్సరాలకు బదులు అక్కడ వరుసగా ఎనిమిది సెమిస్టర్లు లెక్కిస్తారు.

పైవాటిలో ఏదైనా మీ బిడ్డకు అడ్డు వస్తుందని తేలితే మినహాయింపు కోరే దారి ఉంది. నాలుగేళ్ల నియమానికీ, నివాస నియమానికీ యూఐఎల్ వేయివర్ అధికారికి బడి ద్వారా దరఖాస్తు చేసుకోవచ్చు, ఆయన నిరాకరిస్తే పై స్థాయి సమీక్ష బోర్డుకు వెళ్లవచ్చు. అక్కడ చూసేది మీ చేతిలో లేని పరిస్థితి వల్ల ఇలా జరిగిందా, లేక మీరే ఎంచుకున్నారా అన్నది ఒక్కటే. నెలల తరబడి ఆసుపత్రిలో ఉండి చదువు ఆగిన పిల్లవాడి దరఖాస్తుకూ, మార్కుల సగటు కోసం తొమ్మిదో గ్రేడు మళ్లీ చదివించిన కుటుంబం దరఖాస్తుకూ ఫలితం ఒకేలా ఉండదు. ఆసుపత్రి పత్రాలు, పాత బడి హాజరు వివరాలు, కంపెనీ ఇచ్చిన బదిలీ ఉత్తరం, వీసా తేదీలు, ఇవన్నీ ఇంగ్లీషులో, తేదీల వరసలో పేర్చి అథ్లెటిక్ కోఆర్డినేటర్‌కు మే నెలలోనే అందజేస్తే, ఆగస్టు సాధనలు మొదలయ్యేలోగా ఏదో ఒక జవాబు చేతికి వచ్చే అవకాశం ఉంటుంది.